చెల్లె కొడుకు పెండ్లిని మింగిన ఐదు ఫ్యాన్లు

మా చెల్లె సమ్మక్క తన ఒక్కగానొక్క కొడుకు పెండ్లి చూడలేదు. పెద్ద టీవీలో చూపిస్తాను రమ్మని ఇంటికి పిలిచి, ఆమె దగ్గరున్న ఒకే ఒక్క పెండ్లి సీడీని నేను గీతలు గీతలు చేసి ఆమె చేతిలో పెట్టాను.

జరిగిన అన్యాయం ఇది. చేసింది నేను. చాలా రోజులు ఈ వాక్యంలో "నేను" అన్న చోట వేరే వాళ్ల పేర్లు పెట్టి చెప్పుకు తిరిగాను. కొన్నాళ్లు కరీంనగర్‌లో కంప్యూటర్లు అమ్మే సలీం పేరు పెట్టాను, కొన్నాళ్లు సీడీ తీసిన ఫొటోగ్రాఫర్ పేరు పెట్టాను, చివరికి మందమర్రి గాలి పేరు కూడా పెట్టి చూశాను. ఎవరూ ఒప్పుకోలేదు. గాలి కూడా ఒప్పుకోలేదు. చదివేవారు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అయితే మధ్యలో లేచిపోవద్దు. ఒకడు పద్ధతి ప్రకారం, కాగితం మీద లెక్కలు వేసుకుని, నెలల తరబడి శ్రమపడి బోర్లా పడుతున్నప్పుడు చివరిదాకా ఉండి చూడటం మర్యాద.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను ఏడో తరగతి దాటలేదు. దాటనివ్వలేదు అనాలి. ఎవరు దాటనివ్వలేదో, ఏ గుమ్మం ముందు నిలబెట్టి ఏ మాట అన్నారో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది కాని, ఆయన పోయాడు, వదిలేస్తున్నాను. మందమర్రిలో బొగ్గుబాయి పనికి తట్ట పట్టుకుని చేరాను. మా దిక్కు గనిని బాయి అంటారు. యంత్రాలకు బిగించిన ఇత్తడి రేకుల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఇంజనీర్లు పారేసిన పుస్తకాలు ఏరుకుని కరెంటు నేర్చుకున్నాను. చివరి ఇరవై ఆరేండ్లు ఫ్యాన్ ఆపరేటర్‌ని.

ఫ్యాను అంటే మీ నెత్తి మీద కిర్రుకిర్రుమనేది కాదు. బాయి మీద ఒక ఇల్లంత ఉంటుంది. భూమి కింద పని చేసే ప్రతి మనిషి పీల్చే గాలి దాని పుణ్యమే. అసలు రహస్యం ఏమిటంటే, ఆ ఫ్యాను లోపలికి ఊదదు, బయటికి గుంజుతుంది. లోపలి చెడ్డగాలిని ఒక దారిన గుంజి ఆకాశంలోకి పారేస్తే, మంచిగాలి ఇంకో దారిన ఎవరూ పిలవకుండానే దిగుతుంది. ఇరవై ఆరేండ్లు నేను తిన్న అన్నం ఈ ఒక్క సూత్రం పెట్టిందే. ఫ్యాను ఊదకూడదు, గుంజాలి. దేవుడి పటం ముందు నిలబడితే కూడా నాకు ముందు ఇదే నోటికి వచ్చేది.

ఇక మా చెల్లె సంగతి. సమ్మక్కది హుస్నాబాద్ పక్కన పల్లె. మొగుడు పోయినంక రెండెకరాల మక్క చేను మీద కొడుకు తిరుపతిని పెంచింది. వాడు దుబాయి పోయాడు. ఏడెనిమిదేండ్ల కింద వాడికి పెండ్లి కుదిరింది. ఇరవై అయిదు రోజుల సెలవు మీద వచ్చాడు. సరిగ్గా పెండ్లి నాలుగు రోజులు ఉందనగా సమ్మక్క పసుపు దంచి లేస్తూ గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ముహూర్తం జరుపుదామంటే వాడి విమానం జరగదు. అట్లా సుల్తానాబాద్ దిక్కు పెండ్లిపిల్ల వాళ్ల ఊర్లో పెండ్లి అయిపోయింది. తల్లి మాత్రం కరీంనగర్ దవాఖానలో మంచం మీద ఉంది.

మీకు తెలిసిందే, అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పట్టుకుని అత్త చేతుల్లో పెడతారు. ఆ అత్త చేతులు ఆ గంటకు సెలైన్ సూదికి కట్టేసి ఉన్నాయి. అప్పటి నుంచి సమ్మక్క మనసులో ఒకటే ప్రశ్న. తన జాగాలో ఎవరు కూర్చున్నారు, ఆ సమయానికి తన కొడుకు ఎటు చూశాడు. అడగని మనిషి లేడు. ఆమె యారాలు కనకవ్వ, అంటే మొగుడి తమ్ముడి భార్య, అన్నీ తానే చూసుకున్నానని, ఫికర్ చేయవద్దని చెప్పిందట. ఆ మాట విన్నప్పటి నుంచే సమ్మక్కకు ఫికర్ ఎక్కువైంది. నన్నూ అడిగింది. అన్నీ మంచిగనే అయినాయి అని నేను తేల్చేశాను. "మొగోళ్లకు కూర గుర్తుంటది గని అప్పగింతలు గుర్తుండయి" అని ఊరుకుంది.

ఫొటోగ్రాఫర్ ఇచ్చిన సీడీ ఒకటుంది. దాన్ని డీవీడీ అనాలట. మా ఇండ్లల్లో గుండ్రంగా ఉండి మెరిసేదేదైనా సీడీయే. పక్కింటి వాళ్ల టీవీలో చూస్తానని సమ్మక్క ఫోన్ చేసింది. ఇక్కడ దయచేసి నా గొప్పతనం గమనించండి. నేనే వద్దన్నాను. ఆ జానెడు టీవీలో పెండ్లికొడుకు చీమంత ఉంటాడు, నువ్వు లేచి నడిచే నాటికి మా ఇంట్లో సినిమా హాలు కట్టిస్తాను, వచ్చి సోఫాలో కూర్చుని చూడు అన్నాను. ఆమె నమ్మింది. చిన్నప్పటి నుంచి ఆమెకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు అది, అన్న మాట నమ్మడం.

పెద్ద టీవీ ఇంట్లో ఉండనే ఉంది. కావలసింది దాని పక్కన కూర్చుని సీడీలు, సినిమాలు ఆడించే ఒక కంప్యూటర్. లైబ్రరీకి వచ్చే పత్రికల్లో చదివాను. కట్టినది కొనే బదులు ముక్కలు ముక్కలు ఏరుకుని కట్టించుకుంటే సగంలో అయిపోతుందని రాశారు. ఏరుకోవడం అంటే నా తరువాతే ఎవరైనా. నోటుబుక్కు తీసి నెల రోజులు రాశాను. ఏ ప్రాసెసర్, ఏ బోర్డు, ఎంత మెమరీ, ఎట్లాంటి డబ్బా, అన్నీ. మా రాజవ్వ, నా భార్య, ఆ పుస్తకం చూసి, పిల్ల పెండ్లికి కూడా ఇన్ని సంబంధాలు చూడలేదు కదా అంది. ఈర్ష్య అనుకున్నాను.

కరీంనగర్ బస్టాండ్ దగ్గర సలీం దుకాణం. నలభై దాటినవాడు, కండ్లద్దాలు ముక్కు మీద కంటే నెత్తి మీదే ఎక్కువ ఉంటాయి, నిదానస్తుడు. నా పుస్తకం మొత్తం ఓపికగా చదివాడు. సినిమా చూసే పెట్టెకు చిన్న ప్రాసెసర్ చాలన్నాడు. నేనూ అదే రాశాను. వేరే గ్రాఫిక్ కార్డు దండగ, బోర్డు మీద ఉన్నదే సరిపోతుందన్నాడు. నేనూ అదే రాశాను. కరెంటు తక్కువ తాగే సప్లై, దండిగా మెమరీ, టీవీకి ఒకటే వైరు. మా ఇద్దరి మాటలు అచ్చం కలిశాయి. "కాకా, నువ్వు గీ లైన్ల ఉండాల్సినోనివి" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానంటే, ఆ పొంగులోనే తరువాతి పేజీ తిప్పాను. అది ఫ్యాన్ల పేజీ.

"ఐదెందుకు కాకా?" అన్నాడు సలీం. "రెండు సాలు. ముందల ఒకటి గాలి లోపటికి తెస్తది, దానికి దుమ్ము రాకుంట జాలి పెడ్త. ఎనుకది వేడి బయటికి పారేస్తది."

"ఫ్యాన్ ఊదొద్దు సలీం, గుంజాలె. ఐదుకు ఐదు బయటికే పెట్టు."

"అన్ని బయటికే గుంజితె లోపటికి గాలి ఏడికెల్లి వస్తది?"

"అదే వస్తది. మా బాయిల ఇరవై ఆరేండ్లు వచ్చింది."

"గిది డబ్బా కాకా. బాయి కాదు."

అదిగో, అక్కడ తగిలింది నాకు. సరిగ్గా ఇదే గొంతుతో, ఇట్లాగే తల పక్కకు వంచి, ఒక కుర్ర ఇంజనీరు నాతో "ఇది పుస్తకంలో ఉంది, మీ అనుభవంలో కాదు" అన్నాడు ఒకప్పుడు. ఆ రోజు నేను మింగాను. మింగినది ముప్పై ఏండ్లు అరగలేదు. ఇప్పుడు పాపం ఏమీ ఎరగని సలీం మీద కక్కాను. గాలి ఒక్క చోట నుంచే వస్తే మూలల్లో గ్యాసు నిలుస్తుందని, అన్ని సందుల నుంచి లోపలికి గుంజితేనే మూల మూలా కడిగినట్టు అవుతుందని దుకాణంలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. కంప్యూటర్‌లో గ్యాసు ఎందుకు నిలుస్తుందని ఒక కొనుగోలుదారు అడిగాడు. అజ్ఞానులకు నేను జవాబు చెప్పను.

సలీం ఇంకోటి కూడా చెప్పాడు. పెండ్లి సీడీ ఒక్కటే ఉందన్నావు కదా, ముందు దాన్ని డబ్బాలోకి కాపీ కొట్టుకో, కాపీయే చూడు, సీడీని మాటిమాటికి తిప్పకు అన్నాడు. నేను కండ్లెర్ర చేశాను. ఒకడు కష్టపడి తీసినదాన్ని కాపీ కొట్టడం దొంగతనం కాదా అన్నాను. "నీ అల్లుని పెండ్లే గద కాకా" అన్నాడు నిదానంగా. సూత్రం సూత్రమే అన్నాను.

చివరికి వాడు ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. ఫ్యాన్లు ఐదు, అన్నీ బయటికే, జాలి వద్దు అని నా చేత రాయించి సంతకం పెట్టమన్నాడు. నేను సంతకం కింద "స్వయంగా రూపొందించినది" అని కూడా రాశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు పెద్దలు. నేను పట్టిన కుందేలుకు ఐదు ఫ్యాన్లు, ఐదూ వెనక్కే తిరిగి ఉన్నాయి.

డబ్బా ఇంటికి వచ్చింది. స్విచ్ వేస్తే హూ అని లేచింది. నాకైతే చెవుల్లో తేనె పోసినట్టుంది. నా చెవులు ఫ్యాన్ హౌస్‌లో సగం అరిగిపోయినవి, అందుకే నాకది చల్లటి హోరు. రాజవ్వ మాత్రం సినిమాలో హీరోయిన్ ఏడుస్తోందా, వడ్ల మిల్లు తిరుగుతోందా తెలియడం లేదంది. గొంతు పెంచమని రిమోట్ చేతికిచ్చాను.

అప్పుడు చేసిన పరీక్ష గురించి తప్పక చెప్పాలి. బాయిలో గాలి ఎటు పోతుందో పొగ వదిలి చూసేవాళ్లం. అదే లెక్కన అగరుబత్తి వెలిగించి డబ్బా చుట్టూ తిప్పాను. పొగ ప్రతి సందులోకి జారిపోయింది. మూతల అంచుల్లోకి, వైరు దూర్చే రంధ్రంలోకి, సీడీ పెట్టే పలక చుట్టూ ఉన్న సన్నటి చీలికలోకి అయితే పాము పుట్టలోకి పోయినట్టు పోయింది. "సూడు, ఎట్ల గుంజుతున్నదో" అని రాజవ్వను పిలిచి చూపించాను. ఆమె చీపురు పట్టుకుని ఉంది. బొగ్గు లారీలు పోయే తోవ పక్కన మా ఇల్లు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి కిటికీ గట్టు మీద పేరు రాయవచ్చు, అంత మసి.

ఆమె కాసేపు పొగ దిక్కు, కాసేపు కిటికీ దిక్కు చూసి అంది. "నలభై ఏండ్ల సంది దుమ్ము లోపటికి రావొద్దని నేను ఊడుస్తున్న. నువ్వేమో దాన్ని లోపటికి గుంజే మిషిన్ పైసలు పెట్టి తెచ్చినవ్."

జరగబోయే ఉపద్రవం మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది. పుస్తకం ముట్టని మనిషి, అగరుబత్తి కాలేలోపు చెప్పేసింది. నేనేం చేశాను? ఆడవాళ్లకు గాలి శాస్త్రం తెలియదని నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తాను.

రెండు నెలలు గడిచాయి. సమ్మక్క కర్ర పట్టుకుని నడవగలిగింది. ఒక ఆదివారం పొద్దున బస్సు దిగింది. సీడీని కొత్త రైకముక్కలో చుట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి, ఆ సంచిని ఒడిలో పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం తిన్నంక కిటికీలకు దుప్పట్లు కట్టాను. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి కాలు కింద దిండు పెట్టాను. వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు కింద చాపల మీద కూర్చున్నారు. అప్పుడు నేను, ఆడియెన్సు వైపు ఒకసారి తిరిగి చూసి, సీడీ పలక బయటికి వచ్చే బటన్ నొక్కాను.

పలక నల్లగా వచ్చింది.

తెచ్చినప్పుడు బూడిద రంగులో ఉండేది. ఇంతకాలం సినిమాలన్నీ డబ్బాలో నుంచే చూశాము, దాన్ని తెరిచిందే లేదు. వేలితో తుడిచి, తువ్వాలకు రాసుకుని, సీడీ పెట్టాను. పెండ్లి మొదలైంది. తెర నిండా తిరుపతి, బాసింగంతో. సమ్మక్క తన కొడుకు అంత పెద్దగా కనిపించేసరికి కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గంటసేపు అంతా దర్జాగా నడిచింది. జీలకర్ర బెల్లం అయింది. తలంబ్రాలు అయ్యాయి. నేను కాలు మీద కాలు వేసుకున్నాను.

మనిషి కాలు మీద కాలు వేసుకోగానే దేవుడికి తెలిసిపోతుంది. బొమ్మ గళ్లు గళ్లు అయింది. పెండ్లికొడుకు ముఖం సగ్గుబియ్యం పోసినట్టు చెదిరింది. రెండడుగులు నడిచి ఆగింది, మళ్లీ నడిచింది. చివరికి కనకవ్వ నోరు తెరిచిన చోట పూర్తిగా నిలిచిపోయింది. చాపల మీది వాళ్లంతా నవ్వారు. సమ్మక్క నవ్వలేదు. "అప్పగింతలు ఇంక రాలే గద అన్న" అంది.

వస్తాయన్నాను. సీడీ బయటికి తీశాను. దాని మీద సన్నటి నల్ల పొడి. బాయిలో మేము చేతి దీపాల అద్దాలు తుడిచేవాళ్లం. బొటనవేలికి బట్ట చుట్టి గట్టిగా నొక్కి గుండ్రంగా తిప్పితే అద్దం తళతళమంటుంది. సరిగ్గా అట్లాగే, భుజం మీది తువ్వాలతో, అదే వేలితో అదే పొడి తుడుచుకున్న తువ్వాలతో, నొక్కి నొక్కి గుండ్రంగా తిప్పాను. బొగ్గుపొడి అంటే ఏమనుకున్నారు, ఉప్పుకాగితం. నేను తుడుస్తున్నకొద్దీ సీడీ తళతళ కాలేదు, చిన్న చిన్న గీతలు గిర్రున చుట్టూ తిరిగాయి. గ్రామఫోన్ రికార్డు అయింది. మళ్లీ పెట్టాను. డబ్బా దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, లోపల ఏమీ లేదని తెర మీద రాసింది. తీసి ఇంకోసారి తుడిచాను. అవును, ఇంకోసారి. అటు తరువాత డబ్బా ఆ సీడీని గుర్తుపట్టడమే మానేసింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. పొయ్యి మీద పాలు ఉన్నాయని ఒకామె, పిల్లలు ఒంటరిగా ఉన్నారని ఒకామె. మంచివాళ్లు. రాజవ్వ కిటికీ దుప్పట్లు విప్పింది. వెలుతురులో సీడీ నా చేతిలో ఉంది. దానిని అటూ ఇటూ తిప్పుతూ, ఇంత నాసిరకం సీడీలు అమ్మేవాళ్లను ఏం చేయాలని ఏదో అనబోయాను. ఫ్యాన్లు ఐదూ హూ అంటూనే ఉన్నాయి.

"గది బంద్ చెయ్ అన్న" అంది సమ్మక్క.

ఆపాను. ఇల్లు ఒక్కసారిగా మెత్తబడింది.

"నువ్వు ఉంటివి గద పెండ్లిల. నువ్వు చెప్పు."

సీడీని రైకముక్క మీద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఇంతకు ముందు అడిగినప్పుడు ఒక్క మాటలో తేల్చేసిన మనిషిని, ఇప్పుడు ఆమె ముందు తప్పించుకునే దారి లేదు. మొదలుపెట్టాను. వచ్చిన బంధువులు, వడ్డించిన కూరలు, డప్పుల వాళ్లకు బ్యాండు వాళ్లకు వచ్చిన పోటీ, ఎవరి చెప్పులు పోయాయి, ఎవరు ఎవరి చెప్పులు వేసుకుపోయారు, ఒక్కటీ వదలలేదు. ఆమె వింటోంది కాని, ఆ కండ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. చివరికి అడగనే అడిగింది.

"అప్పగింతలప్పుడు నా జాగల ఎవ్వలు కూసున్నరు?"

"ఎవ్వలు కూసోలే చెల్లె. కుర్సి ఖాళీగ ఉంచిర్రు."

"కనకవ్వ?"

"పక్కకు నిలవడ్డది."

"తిరుపతి ఎటు సూసిండు?"

"తలుపు దిక్కు సూసిండు. మూడుసార్లు సూసిండు. నువ్వు వస్తవేమోనని."

ఆమె కొంగు ముఖానికి పెట్టుకుంది. తరువాత ముఖం కడుక్కుని రాజవ్వతో కలిసి చాయ్ తాగింది. మర్నాడు పొద్దున బస్సెక్కింది. ఎక్కేటప్పుడు సీడీ అడిగింది. పనికిరానిది ఎందుకంటే, ఉండనీ అంది. ఇచ్చాను.

బస్సు పోయినంక ఇంటికి వచ్చి డబ్బా మూత తీశాను. బోర్డు కనిపించలేదు. వైర్లు కనిపించలేదు. అంతా ఒకటే నల్లటి పరుపు. చేటలో దులిపితే గుప్పెడు బొగ్గు. భూమి కింద నేను తట్టలతో మోసినది కాక, భూమి మీద ఇంట్లో కూర్చుని ఉత్త గాలితో తవ్విన బొగ్గు అది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడిని చూసి లోకం నవ్వుతుంది. మరి సినిమా చూద్దామని కూర్చుని బొగ్గు తవ్వినవాడిని ఏమనాలి?

అయినా నాకు జ్ఞానం రాలేదు. కోపం వచ్చింది. డబ్బాను సంచిలో పెట్టుకుని కరీంనగర్ పోయి సలీం బల్ల మీద పెట్టి, నాకు పనికిరాని సామాను అంటగట్టావన్నాను. నా చెల్లె ఏడ్చిందన్నాను. వాడు మూత తీసి లోపలికి చూశాడు. సొరుగులో నుంచి నా సంతకం కాగితం తీశాడు కాని, నా ముందు పెట్టలేదు, చేతిలోనే మడిచి పట్టుకున్నాడు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"కాకా," అన్నాడు, "బాయిల ఖరాబు గాలి లోపట ఉంటది, మంచిది బయట ఉంటది. అందుకే గుంజి బయటికి పారేస్తరు. మరి నీ ఇంట్ల ఖరాబు ఏడున్నది?"

ఇరవై ఆరేండ్లు నమ్మిన సూత్రంలో ఒక్క అక్షరం తప్పు లేదు. దాన్ని పెట్టిన చోటే తప్పు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను బాయిలో గెలిచి వచ్చి ఇంట్లో ఓడాను.

"సీడీని గుండ్రంగ తుడిచినవా?" అని కూడా అడిగాడు. మధ్యలో నుంచి అంచుకు, మెత్తటి బట్టతో తుడవాలట. నేను టోపీ లేకపోయినా టోపీ సర్దుకున్నట్టు తల సర్దుకున్నాను. వాడు ఐదులో మూడు ఫ్యాన్లు ఊడదీశాడు. ఒకటి ముందుకు తిప్పి జాలి పెట్టాడు. డబ్బా ఇప్పుడు పిల్లి నిద్రపోతున్నట్టు సప్పుడు లేకుండా నడుస్తోంది. నాకే నిద్ర పట్టడం లేదు.

ఫొటోగ్రాఫర్‌ను అడిగితే కంప్యూటర్‌లో జాగా లేక పాత పెండ్లిండ్లన్నీ చెరిపేశానన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. పెండ్లిపిల్ల వాళ్ల దగ్గర ఇంకో సీడీ ఉంటుంది. కాని ఆ ఇంటి గడప తొక్కనని నేను పెండ్లినాడే అందరి ముందూ అని వచ్చాను. పెండ్లికొడుకు మేనమామకు ధోవతుల చాపు పెట్టాలి. వాళ్లు నాకు తువ్వాల పెట్టారు. ఒక్క తువ్వాల. సీడీని తుడిచింది ఆ తువ్వాలతోనే, ఆ విషయం ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పలేదు.

పోయాను. సుల్తానాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా అబద్ధం ఒకటి తయారు చేసుకున్నాను. పిల్ల తండ్రి మల్లేశం గుమ్మంలోనే ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు. మీ సీడీ బాగా ఆడుతోందా లేదా చూసి పోదామని వచ్చానన్నాను. మందమర్రి నుంచి నాలుగు బస్సులు మారి ఒకడు వియ్యంకుల సీడీ ఆరోగ్యం కనుక్కోవడానికి వస్తాడా? ఆయన మాత్రం రెండు ఉన్నాయి, ఒకటి తీసుకుపో బావా అన్నాడు. వచ్చేటప్పుడు ఆయన భార్య పళ్లెంలో ధోవతుల చాపు పెట్టి తెచ్చింది. ఆ రోజు లొల్లిలో ఎవరిది ఎవరికి పోయిందో తెలియలేదని, తప్పు పట్టవద్దని అంది. నేను అలిగి తెచ్చుకున్న కోపం మొత్తం ఆ పళ్లెంలో పెట్టి ఇచ్చేసి వచ్చాను.

సీడీని హుస్నాబాద్‌కు పోయేవాళ్ల చేతికిచ్చి పంపాను. దానితో ఒక చీటీ రాశాను. "చెల్లె, తప్పు నాదే. సలీంది కాదు, సీడీది కాదు, గాలిది కాదు. ఇది చూసి ఒక్క మాట చెప్పు." ఎదురుచూశాను. వారం పోయింది. రెండు వారాలు పోయాయి. ఫోన్ చేస్తే చేనులో ఉందని, పడుకుందని చెప్పారు. రాజవ్వ నా ముఖం చూసి, అడిగినవన్నీ వండిపెట్టింది. దానికి ఇంకా భయం వేసింది.

ఆ ఎదురుచూపుల్లోనే ఒక పొద్దున స్నానం చేసి, కొత్త ధోవతి కట్టుకుని, రాజవ్వను సాక్షిగా నిలబెట్టి ప్రమాణం చేశాను. బొగ్గుబాయి రిటైర్డ్ ఫ్యాన్ ఆపరేటర్ పోశం అనే నేను, మతి సరిగ్గా ఉన్న స్థితిలో, ఇక మీదట ఇంట్లోని ఏ డబ్బానూ బాయి అనుకోను. జాలి పెట్టమన్న మనిషికి ఉపన్యాసం ఇవ్వను. చీపురు చేతిలో ఉన్న మనిషి మాట విని నవ్వను. గుండ్రంగా ఉన్నదేదీ గుండ్రంగా తుడవను. రాజవ్వ అంతా విని, మరి గిన్నెల సంగతేందని అడిగింది. గిన్నెలు ప్రమాణం కిందికి రావని చెప్పాను.

పంతొమ్మిదో రోజు ఫోన్‌లో టింగుమంది. సమ్మక్కకు రాయడం రాదు. దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి, బొమ్మ నొక్కి పట్టి మాట్లాడి పంపడం నేర్చుకుంది. అట్లా నాకు ఎప్పుడూ పంపలేదు. రాజవ్వను పిలిచి, ఫోన్‌ను నా బాగున్న చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆమె అన్నది అన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అన్న, సీడీ సూసిన. నాలుగుసార్లు సూసిన, అందుకే ఆల్శమైంది. పెండ్లి పందిట్లనాయె, పందిరికి తలుపేడిదే? అప్పగింతల కాడ నువ్వు ఎనుక కుర్సీల నోరు తెరిసి నిద్రవోతున్నవ్, అన్ని నువ్వే సూసినట్టు చెప్తివి. కనకవ్వ నా జాగల సక్కగ కూసున్నది, పిల్ల చేతులు సక్కగ పట్టుకున్నది. కూసోనీ. తిరుపతి ఎటు సూడలే. పక్కకు తిరిగి ఫోన్ చెవుల పెట్టుకున్నడు. గది నాకే చేసిండు అన్న. దవాఖానల ఉంటె ఫోన్ వచ్చింది, తిన్నవా అవ్వా అన్నడు. గా లొల్లేంది బిడ్డా అంటె ఏం లేదు అవ్వా అన్నడు. అప్పగింతల లొల్లని ఇయ్యాల ఎరికైంది. ఇగ నువ్వు పరేషాన్ గాకు, మంచిగ తిను. నువ్వు పెట్టిన తలుపు గూడ ఉండనీ, తీసెయ్యకు."